గ్రిప్పర్‌కి తుప్పు పట్టకుండా ఏం రాయాలి? నూనె, మైనం, పెయింట్: ఏది ఎక్కడ?

గ్రిప్పర్ (చేతి పట్టు పెంచుకోవడానికి నొక్కే స్ప్రింగ్ పరికరం) కొన్న కొన్ని నెలలకి, స్ప్రింగ్ కాళ్లు హ్యాండిల్‌లోకి దిగే చోట సన్నటి ఎర్ర గీత కనబడుతుంది. మొదట మట్టేమో అనుకుంటాం. గోటితో గీకితే వేలికి ఎర్రగా అంటుకుంటుంది. ఇక వెతుకులాట మొదలు. నూనె రాయాలా, మైనం పూయాలా, స్ప్రే కొట్టాలా, అసలు స్టెయిన్‌లెస్ స్టీలుదే కొనాల్సిందా? అడిగిన ప్రతివారూ ఒక్కో మాట చెబుతారు. ఎవరి మాటా తప్పు కాదు. కానీ వాళ్లు ఏ పరికరం గురించి చెబుతున్నారో, అందులో ఏ భాగం గురించో మాత్రం చెప్పరు. మన టెన్షన్ అంతా అక్కడే మొదలవుతుంది.

ఈ పద్ధతుల్లో చాలావాటిని నేను నా గ్రిప్పర్ల మీద, పించ్ బ్లాకుల మీద (బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య పట్టి ఎత్తే బరువులు), లావు హ్యాండిళ్ల మీద వాడి చూశాను. చివరికి నాకు అర్థమైంది ఇది. పట్టు సాధనలో చెయ్యి జారకుండా ఉండటమే అసలు వ్యాయామం. తుప్పును ఆపే పదార్థాల్లో ఎక్కువ భాగం జారుడువి. ఈ రెండింటికీ పడదు. అందుకే ఒకే డబ్బా కొని పరికరం మొత్తానికీ పూస్తే ఎక్కడో ఒకచోట నష్టపోతాం. చెయ్యి తగిలే చోటు, ఇనుము మీద ఇనుము రాసుకునే చోటు, ఏదీ తగలని చోటు అని పరికరాన్ని మూడు ముక్కలుగా చూస్తే ఎంపిక చాలా తేలికైపోతుంది.

## తుప్పు ఎందుకు ఇంత తొందరగా పడుతుంది

ఇనుముకి తుప్పు పట్టాలంటే గాలి, నీరు రెండూ కావాలి. ఉప్పు తోడైతే పని వేగంగా జరుగుతుంది. చెమటలో ఉప్పు ఉంది, కొంచెం ఆమ్లగుణం కూడా ఉంది. పైగా పట్టు సాధన పరికరాలకి తగిలేది అరచెయ్యి. బార్‌బెల్ మీద ఒక సెట్ పూర్తయ్యాక చెయ్యి తీసేస్తాం. గ్రిప్పర్‌ని టీవీ చూస్తూ కూడా అరగంట పట్టుకునే ఉంటాం.

అందరి చెమటా ఒకలా ఉండదు. యంత్రాల షాపుల్లో కొలత పరికరాలు వాడేవాళ్లకి ఇది బాగా తెలుసు. కొందరి వేలిముద్ర పడ్డ చోట స్టీలు మర్నాటికే ఎర్రబడుతుంది, ఇంకొందరు వారాల తరబడి పట్టుకున్నా ఏమీ కాదు. మీ స్నేహితుడు ఏమీ రాయకుండానే పదేళ్లుగా వాడుతున్నాడంటే అది ఆయన జాగ్రత్త వల్లే కాకపోవచ్చు, ఆయన చెమట స్వభావం వల్ల కూడా కావచ్చు.

చాక్ పొడి సంగతి కూడా చెప్పాలి. మనం వాడే చాక్ మెగ్నీషియం కార్బొనేట్. తేమను పీల్చుకోవడమే దాని పని, అందుకే చెయ్యి పొడిగా ఉంటుంది. పీల్చుకున్న ఆ చెమట ఎక్కడికీ పోదు. నర్లింగ్ గాట్లలో (హ్యాండిల్ మీద ఉండే గరుకు గీతలు) చాక్, చర్మపు పొట్టు, చెమట కలిసి ముద్దలా గట్టిపడతాయి. ఆ ముద్ద కింద ఇనుము ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నర్లింగ్ కొనలు మెరుస్తూ, గాట్ల అడుగున మాత్రం ఎర్రగా కనిపించేది ఇందుకే.

గాలిలో తేమ 60 శాతం దాటితే మామూలు ఇనుము మీద తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది, 50 లోపు ఉంటే చాలా నెమ్మదిస్తుంది. రాత్రి చల్లబడ్డ ఇనుముని వెచ్చని గాలిలోకి తెస్తే దాని మీద చెమ్మ కూడా పేరుకుంటుంది. షెడ్డులో పెట్టిన పరికరాలకి ముట్టుకోకపోయినా తుప్పు పడుతోందంటే కారణం ఇదే.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

నా దృష్టిలో వరుస ఇది. పైన ఉన్నదానికి ఎక్కువ విలువ.

1. పట్టు మారుతుందా? రాసిన తర్వాత చెయ్యి ముందుకన్నా జారితే ఆ పద్ధతి చెయ్యి తగిలే చోటుకి పనికిరాదు. ఎంత బాగా తుప్పును ఆపినా సరే.
2. స్ప్రింగ్‌కి హాని ఉందా? గ్రిప్పర్ స్ప్రింగ్ మీద తుప్పు చూడ్డానికి అసహ్యంగా ఉండటంతో ఆగిపోదు. తుప్పు చిన్న చిన్న గుంటలు చేస్తుంది. స్ప్రింగ్‌ని వేలసార్లు వంచినప్పుడు పగులు మొదలయ్యేది ఆ గుంటల దగ్గరే. కొన్ని తుప్పు నివారణ పద్ధతులు కూడా స్ప్రింగ్‌ని పెళుసు చేస్తాయి. దాని గురించి కింద చెప్పాను.
3. ఎన్ని రోజులు ఉంటుంది? చేతి రాపిడికి ఎన్నాళ్లు నిలుస్తుంది, పెట్టెలో పెడితే ఎన్నాళ్లు నిలుస్తుంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు.
4. వెనక్కి తీసుకోగలమా? నూనె నచ్చకపోతే తుడిచేస్తాం. పెయింట్ నచ్చకపోతే రోజంతా గీకాలి.
5. చర్మానికి మంచిదేనా? రోజూ అరచేతికి తగిలేది కదా.

## ఒక్కో పద్ధతి, దాని లాభనష్టాలు

### ఏమీ రాయకుండా బ్రష్ కొట్టి తుడవడం

దీన్ని ఒక పద్ధతిగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చెయ్యి తగిలే చోటుకి నేను మొదట చెప్పేది మాత్రం ఇదే. సాధన అయిపోగానే గట్టి నైలాన్ బ్రష్‌తో నర్లింగ్‌లోని చాక్‌ని దులిపి, పొడిగుడ్డతో తుడవాలి. ఒక్క నిమిషం పని. పట్టు ఏమాత్రం మారదు. తుప్పుకి కావాల్సిన ఉప్పునీ తడినీ తీసేస్తున్నాం కాబట్టి పొడి వాతావరణంలో ఉన్నవారికి చాలావరకు ఇదే సరిపోతుంది.

లోపం ఒక్కటే. ఒక్కరోజు మర్చిపోయినా ఇనుముకి అడ్డు ఏమీ ఉండదు. తేమ ఎక్కువున్న గదిలో ఇది ఒక్కటే చాలదు.

బ్రష్ విషయంలో చిన్న జాగ్రత్త. మొండి మకిలికి ఇత్తడి బ్రష్ వాడొచ్చు, ఇత్తడి స్టీలు కన్నా మెత్తన కాబట్టి నర్లింగ్ అరగదు. జింక్ పూత ఉన్న హ్యాండిల్ మీద మాత్రం గట్టిగా రుద్దకండి. స్టీలు తీగల బ్రష్ పూతల్ని గీకేస్తుంది, దాన్ని దూరంగా ఉంచండి.

### మిషన్ ఆయిల్

కుట్టుమిషన్‌కి వేసే పల్చటి ఖనిజ నూనె. స్ప్రింగ్ చుట్లకి దీనికి మించింది నాకు కనబడలేదు. గ్రిప్పర్ నొక్కినప్పుడు స్ప్రింగ్ ఇంకా బిగుసుకుని పక్కపక్క చుట్లు ఒకదానికొకటి రాసుకుంటాయి. కంపెనీ వేసిన పూత ఏదైనా మొదట అరిగేది అక్కడే. పల్చటి నూనె ఆ సందుల్లోకి తనంతట తానే పాకుతుంది. ఒక చుక్క వేసి, పదిసార్లు నొక్కి వదిలి, పైకి వచ్చిన నూనెని తుడిచేస్తే చాలు. కిర్రుమనే చప్పుడూ పోతుంది.

హ్యాండిల్ మీద మాత్రం వద్దు. ఒకసారి నేను స్ప్రింగ్‌కి ఎక్కువ నూనె వేసి, అది కాళ్ల మీదుగా హ్యాండిల్ దాకా జారడం గమనించలేదు. గట్టి గ్రిప్పర్ మూసే మధ్యలో అరచేతిలో తిరిగి, చిటికెన వేలి కింద చర్మం లేచిపోయింది. అప్పట్నించి నూనెని నేరుగా సీసాలోంచి వెయ్యను. అగ్గిపుల్ల కొనతో చుక్క పెడతాను.

నూనె వేశాక గ్రిప్పర్ కాస్త మెత్తగా అనిపిస్తుంది, చుట్ల మధ్య రాపిడి తగ్గుతుంది కదా. మీ ప్రగతిని రాసుకునేవారైతే ఎప్పుడూ నూనెతోనే వాడండి, లేదా ఎప్పుడూ నూనె లేకుండానే వాడండి. ఈ వారం అలా, వచ్చే వారం ఇలా అయితే మీ లెక్కలు మీకే అర్థం కావు.

బండి ఇంజిన్‌లోంచి తీసిన పాత ఆయిల్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అది చర్మానికి హాని చేస్తుంది.

### డబ్ల్యూడీ-40

దాదాపు అందరి ఇంట్లోనూ ఉండే డబ్బా కాబట్టి అందరూ మొదట దీన్నే తీస్తారు. పేరులోనే దాని పని ఉంది: డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నీటిని తొలగించడం. 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన సూత్రం. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తయారైంది, మొదట అట్లాస్ క్షిపణి బయటి పొరకి తుప్పు పట్టకుండా వాడారు. అంటే తుప్పు కోసమే పుట్టిన వస్తువు.

అయితే అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకం. మిగిలేది చాలా పల్చటి పొర. తడిసిన పరికరం నుంచి నీటిని వెళ్లగొట్టడానికి, గట్టిపడిన చాక్ ముద్దని నానబెట్టడానికి, లేత తుప్పుని వదలగొట్టడానికి ఇది చాలా మంచిది. నెలల తరబడి కాపాడమంటే మాత్రం దాని వల్ల కాదు. ఇంకో విషయం, స్ప్రింగ్ చుట్లలోకి కొడితే అక్కడున్న మంచి నూనెని కడిగేస్తుంది. కాబట్టి దీన్ని శుభ్రం చేసే వస్తువుగా వాడి, తుడిచి, తర్వాత అసలు నూనె వెయ్యండి. ఇదే పేరుతో ఎక్కువకాలం ఉండే తుప్పు నిరోధక రకాలు కూడా వస్తున్నాయి. వాటి సంగతి వేరు, డబ్బా మీద చదివి తీసుకోండి.

### గ్రీజు

చెయ్యి ఎప్పుడూ తగలని చోటుకి: లోడింగ్ పిన్ (ప్లేట్లు గుచ్చే నిలువు కడ్డీ) మరలు, సంవత్సరం పాటు పక్కన పెట్టబోయే స్ప్రింగులు. చాలాకాలం ఉంటుంది. చాక్ పొడినీ దుమ్మునీ లాక్కుని నల్లటి ముద్దగా మారుతుంది, అదే ఇబ్బంది. రోజూ వాడే గ్రిప్పర్‌కి నేను వెయ్యను.

### మైనం

ఇక్కడ కొంచెం ఆగాలి. చెయ్యి తగిలే చోట బ్రష్ కొట్టి తుడవడం చాలనివారికి నా సమాధానం ఇదే కాబట్టి.

ముద్దలా దొరికే గట్టి మైనాన్ని గుడ్డతో పల్చగా పూసి, ఆరనిచ్చి, రుద్ది తీసేస్తే ఇనుము మీద పొడిగా ఉండే సన్నని పొర మిగులుతుంది. నూనెలా తడిగా ఉండదు, చేతికి అంటుకోదు, చాక్ దాని మీద బాగానే నిలుస్తుంది. మ్యూజియంలలో పాత ఇనుప వస్తువులకి సూక్ష్మ స్ఫటికాల మైనం పూస్తారు. ఆ రకాన్ని 1950లలో బ్రిటిష్ మ్యూజియం వాళ్లు తయారుచేసుకున్నారు. కార్లకి వాడే కార్నౌబా మైనం కూడా పనికొస్తుంది. కానీ కొనేటప్పుడు "పాలిష్" అని ఉన్నది తీసుకోకండి, అందులో అరగదీసే పొడి ఉండొచ్చు. సిలికాన్ కలిపినదీ వద్దు.

నర్లింగ్‌కి పూసేటప్పుడు గుడ్డ గాట్ల అడుగుకి చేరదు. హెయిర్ డ్రయ్యర్‌తో హ్యాండిల్‌ని గోరువెచ్చగా చేసి, పాత టూత్‌బ్రష్‌తో మైనాన్ని లోపలికి రుద్దాలి. చల్లారాక పొడి బ్రష్‌తో కొనల మీద ఎక్కువైంది తీసేయాలి. గాట్లలో మైనం, కొనల మీద ఒట్టి స్టీలు: పట్టు కొనల మీదే ఉంటుంది, తుప్పు గాట్లలోనే పుడుతుంది. రెండూ కుదిరాయి. రోజూ వాడితే నా దగ్గర నాలుగైదు వారాలకి మళ్లీ పూయాల్సి వస్తోంది.

నున్నటి ఉపరితలం మీద ఈ లెక్క కుదరదు. పించ్ బ్లాకులకి గాట్లు ఉండవు. వేళ్లు తగిలేదంతా మైనమే అవుతుంది. పొర ఎంత పల్చనైనా నాకు తేడా తెలిసింది, నిన్న ఎత్తిన బరువు ఇవాళ జారింది. అక్కడ మైనం వద్దు.

### సిలికాన్ స్ప్రే

జారడం కోసమే చేసినది. ఒకసారి పడితే వదలడం కష్టం. నేల మీద పడితే కాళ్లు జారుతాయి, తర్వాత ఆ ఇనుముకి పెయింట్ వేద్దామన్నా అంటుకోదు. పట్టు పరికరాలున్న గదిలోకే దీన్ని తీసుకురావద్దని నా సలహా.

### వంట నూనెలు

చేతిలో ఉంది కదా అని రాస్తుంటారు. కొన్నిరోజులు పనిచేస్తుంది కూడా. తర్వాత గాలికి చిక్కబడి జిగటగా తయారవుతుంది, కంపు కొడుతుంది, స్ప్రింగ్ చుట్లలో బంకలా పట్టేస్తుంది. అవిసె నూనె లాంటివి పూర్తిగా గట్టిపడి పొరలా ఏర్పడతాయి కాబట్టి కొందరు కావాలనే పోత ఇనుముకి పూస్తారు. ఆ పని చేస్తే నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుట్టగా ఉన్న గుడ్డలు వాటంతట అవే అంటుకునే ప్రమాదం నిజంగానే ఉంది. విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

### పెయింట్, క్లియర్ కోట్, పౌడర్ కోటింగ్

పొర దెబ్బతిననంత కాలం వీటిని మించిన అడ్డు లేదు. లోడింగ్ పిన్, స్టాండు, ప్లేట్ల అంచులు, రిస్ట్ రోలర్ (తాడుకి కట్టిన బరువుని మణికట్టుతో చుడుతూ ఎత్తే పరికరం) చట్రం వంటివాటికి కళ్లు మూసుకుని పెయింటే వెయ్యండి. ప్లేట్లు రాసుకునే చోట గీతలు పడతాయి, అప్పుడప్పుడు మళ్లీ వేసుకోవాలి. గీత పడిన చోట తుప్పు పెయింట్ కిందికి పాకుతుంది కాబట్టి బుడగలా లేచిన చోటు కనబడితే గీకి చూడండి.

చెయ్యి తగిలే చోట సంగతి చిక్కైనది. మెరిసే పెయింట్ ఒక రకంగా, గరుకు పెయింట్ ఇంకో రకంగా పట్టునిస్తాయి. మీరు ఎత్తే బరువు మీ వేళ్ల బలాన్ని ఎంత చెబుతుందో పెయింట్ స్వభావాన్నీ అంతే చెబుతుంది. డంబెల్ తలని కోసి పించ్ బ్లాకుగా వాడేవాళ్లకి ఇంకో సమస్య. కోసిన ముఖం మీద పెయింట్ లేదు, ఒట్టి పోత ఇనుము, తుప్పు అక్కడే మొదలు. ఆ ముఖానికి మాత్రం పెయింట్ వేసి, వేళ్లు పట్టే పక్కల్ని ఎప్పటిలా వదిలేయండి.

స్ప్రింగ్‌కి పెయింట్ వేస్తే చుట్లు రాసుకుని వారంలో రేకులు రేకులుగా లేస్తుంది. పౌడర్ కోటింగ్‌ని 180–200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బిగించి ఉన్న గ్రిప్పర్‌ని ఆ కొలిమిలోకి పంపకండి.

### బ్లూయింగ్, అంటే నల్లపరచడం

ఇనుము మీద నల్లటి ఆక్సైడ్ పొరని ఏర్పరచడం. చూడ్డానికి బావుంటుంది, పట్టు మారదు, మందం లెక్కలోకి రానంత తక్కువ. కానీ ఈ పొర ఒక్కటే తుప్పును ఆపలేదు. అది నూనెనో మైనాన్నో పట్టి ఉంచే అడుగుపొర మాత్రమే. చాలా గ్రిప్పర్లు, బార్లు ఈ నల్లపూతతోనే వస్తాయి. "బ్లాక్ ఆక్సైడ్ కదా, తుప్పు పట్టదు" అనుకుని వదిలేసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

పించ్ బ్లాకులకి ఒక పాత పద్ధతి ఉంది. పల్చగా పట్టిన ఎర్ర తుప్పుని మరిగే నీళ్లలో కాసేపు ఉంచితే అది నల్లటి ఆక్సైడ్‌గా మారుతుంది. రాలే పొడిని మెత్తటి బ్రష్‌తో తీసేయాలి. పాత తుపాకుల తయారీలో వాడిన పద్ధతే ఇది. నున్నటి ముఖానికి సన్నని గరుకుదనం వస్తుంది, పైన ఏమీ రాయనక్కర్లేకుండా కొంత రక్షణ దొరుకుతుంది. ఓపిక ఉన్నవారికి చెబుతున్నాను.

### తుప్పు పట్టని లోహంతో చేసినదే కొనడం

స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలితో కలిసి కంటికి కనబడని పొరగా ఏర్పడుతుంది, గీత పడ్డా మళ్లీ తానే పూడుతుంది. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం ఉంటుంది. 316లో 2–3 శాతం మాలిబ్డినం కలుపుతారు, ఉప్పుకి ఇంకా బాగా తట్టుకుంటుంది. లావు హ్యాండిళ్లకీ పించ్ ప్లేట్లకీ ఇది హాయి. చెమట ఎక్కువ పట్టేవారు ఒక్కసారి ఖర్చు పెట్టదలిస్తే ఇక్కడే పెట్టాలి. అలాగని కడగకుండా వదిలేయొద్దు, చెమట ఉప్పు రోజుల తరబడి నిలిస్తే దాని మీదా మచ్చలు పడతాయి.

అల్యూమినియం హ్యాండిల్ ఎర్రగా తుప్పు పట్టదు. ఉప్పు పడితే తెల్లటి పొడి వస్తుంది. కానీ దాని లోపలికి దిగిన స్ప్రింగ్ స్టీలే. రెండు లోహాలు కలిసే ఆ రంధ్రంలో చెమట నిలిస్తే రెండింటికీ మంచిది కాదు. నేను మొదట్లో చెప్పిన ఎర్ర గీత పుట్టే చోటు అదే. అగ్గిపుల్ల కొనతో అక్కడ ఒక చుక్క నూనె పెట్టి వెంటనే తుడవండి.

జింక్ పూత తాను కరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది. కొన్నేళ్లలో మసకబారి అరిగిపోతుంది, ఆ అరుగుదలే దాని పని. క్రోమ్ పూత గట్టిది, కానీ ఎక్కడైనా చిట్లితే కింద ఇనుము బయటపడుతుంది.

పూతల గురించి ఒక్క హెచ్చరిక: పాత గ్రిప్పర్ స్ప్రింగ్‌కి ఎక్కడో జింక్ పూత వేయించాలనుకోకండి. ఎలక్ట్రోప్లేటింగ్‌లోనూ (కరెంటుతో లోహపు పూత వేయడం), దానికి ముందు ఆమ్లంలో కడగడంలోనూ హైడ్రోజన్ గట్టి స్టీలులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. స్ప్రింగులు చేసే కంపెనీలు పూత వేయగానే వేడిచేసి ఆ హైడ్రోజన్‌ని తరిమేస్తాయి. బయట పూత వేసేవారు ఆ పని చేస్తారన్న భరోసా లేదు. బాగా బిగించిన స్ప్రింగ్ మీ ముఖం దగ్గర విరిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

## ఒక్క చూపులో

| పద్ధతి | పట్టు మీద ప్రభావం | వాడుకలో ఎన్నాళ్లు | ఎక్కడికి మంచిది | ఎక్కడ వద్దు |
|---|---|---|---|---|
| బ్రష్, పొడిగుడ్డ | ఏమీ లేదు | ఆ పూటకే | అన్ని చోట్లా | – |
| మిషన్ ఆయిల్ | జారుతుంది | స్ప్రింగ్‌లో వారాలు, చేతి కింద ఒకట్రెండు రోజులు | స్ప్రింగ్ చుట్లు, బుషింగ్‌లు (తిరిగే భాగాల లోపలి గొట్టాలు) | హ్యాండిల్, పించ్ ముఖం |
| డబ్ల్యూడీ-40 | తుడవకపోతే జారుతుంది | కొద్దిరోజులు | శుభ్రం చేయడానికి, తడిని తీయడానికి | ఎక్కువకాలం రక్షణకి |
| గ్రీజు | బాగా జారుతుంది | నెలలు | లోడింగ్ పిన్ మరలు, దాచిపెట్టే స్ప్రింగులు | చాక్ పడే ఏ చోటైనా |
| మైనం | నర్లింగ్ మీద స్వల్పం, నున్నటి ముఖం మీద తెలుస్తుంది | వారాలు | నర్లింగ్ హ్యాండిళ్లు, లావు బార్లు | పించ్ ముఖం |
| పెయింట్ | పెయింట్ రకాన్ని బట్టి | చిట్లేదాకా | చెయ్యి తగలని భాగాలు | స్ప్రింగ్ |
| బ్లూయింగ్ | లేదు | పైన రాసినదాన్ని బట్టి | పించ్ బ్లాకులు, హ్యాండిళ్లు | ఒంటరిగా ఎక్కడా చాలదు |
| స్టెయిన్‌లెస్ | నర్లింగ్‌ని బట్టి | ఏళ్లు | చెమట ఎక్కువున్నవారి హ్యాండిళ్లు | – |

## మీరు ఎలాంటివారైతే ఏది

ఒకటో రెండో గ్రిప్పర్లు, పొడిగా ఉండే గది. స్ప్రింగ్‌కి నెలకో చుక్క నూనె, హ్యాండిల్‌కి బ్రష్. ఇంకేమీ కొనకండి.

సముద్రపు గాలి తగిలే చోటు, లేదా తేమ వదలని గది. మీకు రాయడం కన్నా దాచడం ముఖ్యం. మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, పరికరాల్ని *పూర్తిగా ఆరాకే* అందులో పెట్టండి. తడి చెయ్యి తగిలిన గ్రిప్పర్‌ని నేరుగా మూసిపెడితే ఆ తేమ లోపలే ఉండిపోతుంది, బయట వదిలేసిన దానికన్నా ముందే తుప్పు పడుతుంది. సిలికా జెల్ కూడా నిండిపోతుంది. రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు నిండిందో తెలుస్తుంది, ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల దగ్గర ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. హ్యాండిళ్లకి మైనం పూయండి.

చెయ్యి ఎక్కువ చెమట పట్టేవారు. వారానికి ఒకసారి, చాక్ ముద్ద కడుతున్నట్టు కనిపిస్తే అంతకన్నా ముందే, తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. తడిగుడ్డ అంటే వింతగా ఉండొచ్చు, కానీ పొడిగుడ్డకి ఉప్పు పూర్తిగా రాదు, నీటికే వస్తుంది. ఆరబెట్టడంలో ఆలస్యం చేస్తే మాత్రం కళ్ల ముందే పల్చటి తుప్పు పడుతుంది. కొత్తది కొనేటప్పుడు స్టెయిన్‌లెస్ హ్యాండిల్ చూడండి.

పించ్, బ్లాకు బరువుల మీదే ఎక్కువ సాధన చేసేవారు. పట్టే ముఖం మీద ఏదీ రాయొద్దు. అక్కడ గోధుమరంగు మచ్చలు ఉన్నా పట్టుకి నష్టం లేదు. పొడి రాలనంతవరకు వాటిని వదిలేయండి. వెనక వైపు, రంధ్రాలు, కోసిన ముఖాలు: వీటికి పెయింట్.

పది మంది వాడే జిమ్. ఎవరో ఒకరు గుర్తుంచుకుని నూనె వేస్తారని ఆశపడితే జరగదు. పరికరాల పక్కనే బ్రష్ తాడుకి కట్టి వేలాడదీయండి. వారానికి ఒకరోజు, ఒకే మనిషి స్ప్రింగులన్నింటికీ నూనె వేసే బాధ్యత తీసుకోవాలి. నూనె స్ప్రే డబ్బాని అందరికీ అందేలా పెట్టకండి, హ్యాండిళ్ల మీద కొట్టేస్తారు.

సేకరించేవారు, నెలల తరబడి ముట్టనివారు. పల్చగా నూనె రాసి, తుప్పు నిరోధక ఆవిరిని వదిలే వీసీఐ కాగితంలో చుట్టి, మూసిన సంచిలో పెట్టండి. ఆ ఆవిరి మూసిన చోటే పనిచేస్తుంది, తెరిచిన అలమరలో దండగ. తోలు సంచిలోనూ అట్టపెట్టెలోనూ ఎక్కువకాలం ఉంచొద్దు. తోలుని పదును చేసేటప్పుడు వాడిన ఆమ్లాలు, అట్ట పీల్చే తేమ రెండూ ఇనుముకి శత్రువులే.

## ఇప్పటికే పట్టేసి ఉంటే

హ్యాండిల్ మీద లేత తుప్పైతే కొంచెం నూనె, ఇత్తడి బ్రష్ చాలు. తర్వాత నూనెని సబ్బునీళ్లతో పూర్తిగా కడిగి, ఆరబెట్టి, మైనం పూయండి. పోత ఇనుము బ్లాకుల్ని వెనిగర్‌లో నానబెట్టొచ్చు. గంటకోసారి చూసుకుంటూ ఉండాలి, తీశాక వంటసోడా నీళ్లలో కడిగి వెంటనే ఆరబెట్టాలి. లేదంటే గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది.

స్ప్రింగ్‌ని మాత్రం వెనిగర్‌లో గానీ ఏ ఆమ్లంలో గానీ ముంచకండి. ప్లేటింగ్ దగ్గర చెప్పిన హైడ్రోజన్ ప్రమాదమే ఇక్కడా ఉంది. నూనె వేసి, అతి సన్నని స్టీల్ ఉన్నితో మెల్లగా రుద్దండి. తుప్పు పోయాక స్ప్రింగ్‌ని వెలుతురులో తిప్పుతూ చూడండి, గోటి కొనతో తడమండి. నున్నగా ఉండి మరక మాత్రమే మిగిలితే నూనె చుక్క వేసి వాడుకోవచ్చు. గోరు గుంటలో దిగితే, ముఖ్యంగా కాలు హ్యాండిల్‌లోకి దిగే వంపు దగ్గర దిగితే, ఆ గ్రిప్పర్‌ని గట్టి ప్రయత్నాలకి వాడొద్దు. అలాంటిది నా దగ్గర ఒకటి ఉంది. మనసొప్పక ఇంకా దాచుకున్నాను గానీ, నొక్కడం మానేశాను.